యాదృచ్ఛికమా? యథార్థమా?

కృష్ణానది మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర మలుపు తిరిగిన నీరు బందరు కాలువగా, రైవస్ కాలువగా, ఏలూరు కాలువగా చీలి డెల్టా పొలాలకు పోవడం విజయవాడ వాసులకు నిత్యమూ కనిపించే దృశ్యమే. ఆ కాలువలలో ఒకదాని గట్టు మీద, నూర్పిళ్ళు ముగిసిన దినాలలో, ఇద్దరు రైతులు కూర్చుండి మాట్లాడుకొంటున్నారని ఊహించుదాము.

“బావా! ఈ యేడు కొత్త విత్తనం వేశాను. నిరుటి కంటె ఎకరానికి రెండు బస్తాలు హెచ్చు వచ్చినయ్. ఇక పాత విత్తనం జోలికి పోను” అన్నాడు ఒకడు.

“వస్తే వచ్చినయ్ గాని బావా, నిరుడు చేను కంకి మీద ఉండగా వాన కొట్టింది, ఈ యేడు కొట్టలేదు. పైగా నీ చేను కాలువ తలాపున ఉన్నది. ఈ రెండు బస్తాలూ విత్తనం ఇచ్చినయ్యా, నీళ్ళు ఇచ్చినయ్యా, కాలం ఇచ్చిందా?” అన్నాడు రెండవవాడు.

మొదటివానికి వెంటనే సమాధానం తోచలేదు. తోచకపోవడంలో ఆశ్చర్యమూ లేదు. ఆ ప్రశ్న అంత పెద్దది. మందు వల్ల రోగం తగ్గినదా, దానంతట అదే తగ్గినదా అని వైద్యుడు అడిగినా, కొత్త బోధనా పద్ధతి వల్ల మార్కులు పెరిగినవా, ఆ యేడు చురుకైన పిల్లలు చేరినందువల్ల పెరిగినవా అని ఉపాధ్యాయుడు అడిగినా, అడుగుతున్నది ఆ ప్రశ్ననే. కంటికి కనిపించిన భేదం యథార్థమా, యాదృచ్ఛికమా? దీనిని తూచి చెప్పడానికి ఏర్పడినదే సాంఖ్యక శాస్త్రం. ఇరువదవ శతాబ్దంలో ఆ శాస్త్రానికి పునాదులు వేసిన మహనీయులలో ఒకరు చిన్ననాడు మన నూజివీడు, నందిగామ బడులలో చదువుకొన్నవారని మన విద్యార్థులలో ఎందరికి తెలుసును?

ఎనిమిది గ్లాసుల పరీక్ష

ముందుగా తూకపురాయి ఎట్టిదో చూద్దాము. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్ అనే శాస్త్రజ్ఞుడు 1935లో ప్రయోగాల రూపకల్పనను గురించి ఒక గ్రంథం ప్రచురించారు. అందులో ఒక చిన్న ముచ్చట ఉన్నది. కప్పులో పాలు ముందు పోశారో, తేనీరు ముందు పోశారో రుచి చూచి చెప్పగలనని ఒక మహిళ అన్నది. ఆ మాట నిజమో కాదో తేల్చడం ఎట్లా?

దానిని మన ఊరికి తెచ్చుకొందాము. నూజివీడు మామిడితోటలలో పెరిగిన మిత్రుడొకడు, “కళ్ళకు గంతలు కట్టినా సరే, చిన్నరసాల రసమేదో, పెద్దరసాల రసమేదో నాలుకకు తగలగానే చెబుతాను” అన్నాడనుకొందాము. ఎనిమిది గ్లాసులు తీసుకొని నాలుగింట చిన్నరసాలు, నాలుగింట పెద్దరసాలు పిండి, చీట్లు వేసి వచ్చిన వరుసలో అతనికి అందించాలి. చీట్లు వేయడం ముఖ్యం. మన ఇష్టం వచ్చినట్లు పెడితే ఆ వరుసలో తెలియకుండానే ఏదో క్రమం చొరబడవచ్చును.

ఎనిమిదింటిలో నుంచి నాలుగింటిని ఏరుకొనే విధాలు 70 ఉన్నవని పాఠశాల గణితమే చెబుతుంది. రుచి ఏ మాత్రమూ తెలియనివాడు గుడ్డిగా ఏరినా నాలుగూ సరిపోయే అవకాశం 70లో ఒకటి. అనగా నూటికి ఒకటిన్నర కంటె తక్కువ. అంత అరుదైన సంగతి కేవలం అదృష్టవశాన జరిగినదనడం కంటె మిత్రునికి రుచి తెలుసునని ఒప్పుకోవడం మేలు. నాలుగింటిలో మూడే సరిగా ఏరి ఒకటి తప్పినాడనుకొందాము. అంతమాత్రమో, అంతకు మించియో గుడ్డిగా సాధించే విధాలు 70లో 17. అనగా నూటికి 24. అప్పుడు అతనికి రుచి తెలియదనీ అనలేము, తెలుసుననీ అనలేము.

ఈ తూకానికే సార్థకతా పరీక్ష అని పేరు. అసలు భేదమే లేదని ముందుగా అనుకొని, అట్లయితే ఇంతటి ఫలితం కాకతాళీయంగా వచ్చే సంభావ్యత ఎంత అని అడగడమే దాని సారాంశం. ఆ సంభావ్యత నూటికి 5కు లోపల ఉంటే ఫలితం సార్థకమని వ్యవహరించడం ఫిషర్ 1925లో వ్రాసిన గ్రంథం నుంచి వ్యాపించినది. ఆ 5 ప్రకృతి శాసనం కాదు. పనికి వీలుగా ఉన్నదని గీసుకొన్న గీత మాత్రమే. ఈ సంగతి మరచినందువల్ల వచ్చిన అనర్థాలను ముందు చెప్పుకొందాము.

నందిగామ నుంచి కేంబ్రిడ్జికి

కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10న బళ్ళారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి. ఉద్యోగరీత్యా ఊళ్ళు మారుతూ ఉండడం వల్ల కుమారుని చదువు గూడూరులో, నూజివీడులో, నందిగామలో సాగి విశాఖపట్నం చేరినది. నూజివీడు, నందిగామ రెండూ నాడు కృష్ణా జిల్లాలోనివే. తల్లి లక్ష్మీకాంతమ్మగారు తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చుండబెట్టేవారని ఆయన పెద్దవాడైన తరువాత కృతజ్ఞతతో వ్రాసుకొన్నారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పట్టం అందుకొన్న నాటికి యుద్ధకాలం. ఉద్యోగం వెదుక్కొంటూ కలకత్తా వెళ్ళిన యువకుడు అక్కడ మహలనోబిస్ స్థాపించిన భారత సాంఖ్యక సంస్థను చూచి, 1941లో అందులో విద్యార్థిగా చేరారు. 1944లో ఆయన పాఠం చెబుతుండగా, తరువాతి కాలంలో ఆర్థిక శాస్త్రజ్ఞుడుగా ప్రసిద్ధికెక్కిన వి. ఎం. దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న అడిగినాడు. దత్తాంశాలు అనంతంగా ఉన్నప్పుడు ఫిషర్ చెప్పిన సూత్రం, దత్తాంశాలు కొద్దిగా ఉన్నప్పుడు కూడ నిలుస్తుందా అని. ఆ రాత్రి కూర్చుండి రావుగారు దానికి ఉపపత్తి సాధించారు. 1945లో కలకత్తా గణిత సంఘ పత్రికలో వెలువడిన ఆ వ్యాసం ఆయన పేరును ప్రపంచమంతటా నిలిపినది. స్వీడన్ దేశపు గణితజ్ఞుడు హెరాల్డ్ క్రామర్ కూడ స్వతంత్రంగా అదే ఫలితాన్ని సాధించినందున దానిని క్రామర్–రావు అసమానత అంటారు.

ఉపాధ్యాయ పాఠకులు ఒక్కసారి ఆగి ఆలోచించదగిన ఘట్టమిది. విద్యార్థి ప్రశ్నను విసుగుకొని తోసివేసి ఉంటే ఆ రాత్రి ఆ ఉపపత్తి పుట్టేది కాదు గదా!

1946లో రావుగారు కేంబ్రిడ్జి వెళ్ళారు. సూడానులోని జెబెల్ మోయా అనే చోట మొదటి ప్రపంచ యుద్ధానికి పూర్వం త్రవ్వి తీసిన ప్రాచీనుల ఎముకలు అక్కడి పురావస్తుశాలలో ఉన్నవి. వాటి కొలతలను విశ్లేషించడం ఆయనకు అప్పగించిన పని. ఆ పని చేస్తూనే ఫిషర్ శిష్యరికంలో 1948లో డాక్టరేటు పొందారు. త్రవ్వినవారు ఒకరు, భద్రపరచినవారు వేరొకరు, లెక్క కట్టినవారు ఇంకొకరు. సేకరించినది పెట్టెలో మూసిపెట్టక మరొక శాస్త్రం వారి చేతికి అందించినందువల్లనే 1955లో ఆ పరిశోధన గ్రంథరూపం దాల్చినది.

ఒక చోటి లెక్క, నాలుగు చోట్ల లెక్క

క్రామర్–రావు అసమానత చెప్పేదేమి? చేతిలో ఉన్న దత్తాంశాలలో ఎంత సమాచారం ఇమిడి ఉన్నదో, దానికి మించిన కచ్చితత్వాన్ని పక్షపాతం లేని ఏ అంచనా కూడ ఇవ్వజాలదు. ఎంత తెలివి ఉపయోగించినా, ఎంత గొప్ప యంత్రం తెచ్చినా ఆ హద్దు దాటడం సాధ్యం కాదు. చెరుకులో ఉన్నంత రసమే గానుగ నుంచి వస్తుంది. అయితే ఇందులో ఆశాజనకమైన మాట కూడ ఒకటి ఉన్నది. వేరు వేరు చోట్ల స్వతంత్రంగా సేకరించిన దత్తాంశాలలోని సమాచారం ఒకదానితో ఒకటి కూడుకొంటుంది. కనుక హద్దును జరపాలంటే మార్గమొక్కటే: మరింత దత్తాంశం. నా దగ్గర లేనిది పొరుగువాని దగ్గర ఉండవచ్చును.

మన రైతుల రెండు బస్తాల లెక్కనే తీసుకొందాము. ఒకే విత్తనం వేసినా మడికీ మడికీ దిగుబడి కొంత మారుతూనే ఉంటుంది. ఆ మార్పు ఎకరానికి సుమారు 4 బస్తాల మేరకు ఉంటుందని అనుకొందాము. ఒక పరిశోధనా క్షేత్రంలో కొత్త విత్తనం 8 మళ్ళలో, పాత విత్తనం 8 మళ్ళలో వేసి చూచారు. సగటున 2 బస్తాలు హెచ్చు కనిపించినవి. కాని ఆ సగటు భేదంలో ఉండగల దోషం లెక్క కడితే అదీ 2 బస్తాలే వస్తుంది. విత్తనాలు రెండూ సమానమే అయినా ఇంత భేదం మూడు పర్యాయాలకు ఒకసారి కాకతాళీయంగా కనిపించవచ్చును. ఏమీ చెప్పలేము.

ఇప్పుడు అదే పరీక్షను నాలుగు చోట్ల చేసి, నాలుగు చోట్లా సగటున అదే 2 బస్తాల భేదం వచ్చినదనుకొందాము. విడివిడిగా చూస్తే ఏ ఒక్కరికీ సార్థకమైన ఫలితం రాలేదు. ప్రతి ఒక్కరూ నిరాశతో తమ పుస్తకం మూసివేస్తారు. ఆ నాలుగు పుస్తకాలూ ఒకచోట చేర్చి లెక్క కడితే దోషం సగానికి తగ్గి 1 బస్తా అవుతుంది. కనిపించిన భేదం దోషానికి రెండింతలు. అది నూటికి 5 అనే గీతను తాకుతుంది. దత్తాంశాలను దాచుకొంటే నలుగురూ తెలుసుకోలేనిది, పంచుకొంటే నలుగురికీ తెలుస్తున్నది.

ఇది ఊహించిన లెక్కయే గాని, దీని వెనుక ఉన్న పద్ధతి ఊహ కాదు. 1965లో హైదరాబాదు కేంద్రంగా అఖిల భారత వరి అభివృద్ధి సమన్వయ పథకం ఆరంభమైనది. ఏ పరిశోధనా కేంద్రంలో పుట్టిన వంగడాన్నైనా దేశంలోని అనేక కేంద్రాలలో, ఒకే పద్ధతిలో పరీక్షించి, ఫలితాలన్నిటినీ ఒకచోట చేర్చి చూడడం దాని ఏర్పాటు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా మనమంతా ఎరిగిన సాంబ మసూరి, ఇతర రాష్ట్రాల పొలాలకు కూడ ప్రాకినది. ఒక ఊరి నేలలో బాగున్నదని తేలినంత మాత్రాన వేరొక ఊరి నేలలో బాగుండాలని లేదు. చోటు చోటునా చూచిన లెక్కలు పదిమంది ముందు పెట్టినప్పుడే ఏ నేలకు ఏ విత్తనమో చెప్పగలుగుతాము. తప్పు చెబితే పోయేది శాస్త్రజ్ఞుని పరువు మాత్రమే కాదు, కౌలు కట్టి సాగు చేసేవాని ఏడాది బ్రతుకు.

ఇరువదిలో ఒకటి

పంచుకోవడంలో ఒక నియమం ఉన్నది. గెలిచిన లెక్కలతోపాటు ఓడిన లెక్కలు కూడ పంచుకోవాలి. ఎందుకో చూడండి. ఏ గుణమూ లేని ఒక పొడిని ఎరువు పేరుతో 20 ఊళ్ళలో పరీక్షించారనుకొందాము. ప్రతి చోటా తూకపురాయి నూటికి 5. అనగా ఏ ఊరిలోనైనా పొరపాటున సార్థకమని తేలే అవకాశం ఇరువదిలో ఒకటి. 20 ఊళ్ళలో కనీసం ఒక్క ఊరిలోనైనా అట్లా తేలే అవకాశం ఎంత? నూటికి 64. ఆ ఒక్క ఊరి ఫలితమే అచ్చయి, తక్కిన 19 ఊళ్ళ పుస్తకాలు అటకెక్కితే, చదివేవారికి ఆ పొడి అమృతంలాగా కనిపిస్తుంది. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. అయినా లోకానికి అందినది అబద్ధమే.

ఈ ప్రమాదాన్ని చాల ముందుగా గుర్తించినవారిలో ఒకరు మన దేశపు వానలను లెక్కించిన గిల్బర్ట్ వాకర్. 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న ఈ గణితజ్ఞుని ముందున్న సమస్య, ఋతుపవనాలను ముందుగా చెప్పగలమా అనేది. 1899–1900 నాటి క్షామం అందరి మనస్సులలోనూ ఇంకా పచ్చిగా ఉన్నది. ఆయన ప్రపంచం నలుమూలల నుంచి వాయు పీడనం, ఉష్ణోగ్రత, వర్షపాతాల లెక్కలు తెప్పించి, ఏది మన వానతో జతకూడుతున్నదో వెదకినారు. వందల జంటలు వెదికితే వాటిలో కొన్ని కేవలం కాకతాళీయంగానే బాగా జతకూడినట్లు కనిపిస్తవి. కనుక ఎన్నింటిలో వెదికి ఒకదానిని ఏరినామో లెక్కలోకి తీసుకొని గీతను మరింత కఠినం చేయాలని 1914లోనే ఆయన వ్రాశారు. అట్లా వడపోసిన తరువాత మిగిలిన వాటిలో పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది గాలి ఒత్తిడి తక్కెడ సిబ్బెలవలె ఎగుడుదిగుడు కావడం ఒకటి. దానికి ఆయన దక్షిణ డోలనమని పేరు పెట్టారు. ఎల్‌నినోతో దానికి గల సంబంధం 1960 దశాబ్దంలో తేటపడినది. నేడు కృష్ణా ఆయకట్టు రైతు కూడ ఎల్‌నినో వార్తలను చెవి ఒగ్గి వింటున్నాడు. పెక్కు దేశాలవారు తమ పీడన లెక్కలను దాచుకొని ఉంటే ఆ తక్కెడ ఎవరి కంటికీ పడేది కాదు.

వాకర్ హెచ్చరికను అన్ని శాస్త్రాలూ చెవిని పెట్టలేదు. మనస్తత్త్వ శాస్త్రంలో ప్రచురితమైన 100 పరిశోధనలను పలుదేశాల శాస్త్రజ్ఞులు కలిసి మళ్ళీ చేసి చూచి 2015లో ఫలితాలు వెల్లడించారు. మొదటిసారి వాటిలో నూటికి 97 సార్థకమని అచ్చయినవి. రెండవసారి సార్థకమని తేలినవి నూటికి 36. మరుసటి సంవత్సరం అమెరికా సాంఖ్యక శాస్త్ర సంఘం ఒక ప్రకటన చేస్తూ, ఈ సంభావ్యతా సంఖ్య ఒక సిద్ధాంతం నిజమయ్యే అవకాశాన్ని చెప్పేది కాదనీ, ఫలితం ఎంత గొప్పదో కొలిచేది కూడ కాదనీ స్పష్టం చేసినది. వేలకొలది మళ్ళలో పరీక్షిస్తే ఎకరానికి దోసెడు గింజల భేదం కూడ సార్థకమని తేలవచ్చును. దాని కొరకు ఏ రైతూ విత్తనం మార్చనక్కరలేదు. సార్థకత వేరు, ప్రయోజనం వేరు.

శాస్త్రానికొక గీత

అందుచేతనే ఒక్కొక్క శాస్త్రం తనకు తగిన గీత గీసుకొన్నది. 2012లో హిగ్స్ కణాన్ని కనుగొన్నామని ప్రకటించడానికి భౌతిక శాస్త్రజ్ఞులు పెట్టుకొన్న నియమం ప్రకారం, అది కాకతాళీయమయ్యే అవకాశం సుమారు 35 లక్షలలో ఒకటికి మించరాదు. రోగాలకు మూలమైన జన్యువులను వెదికేవారు లక్షలాది స్థానాలను ఒక్కసారిగా పరీక్షిస్తారు కనుక వారి గీత రెండు కోట్లలో ఒకటి. అంత కఠినమైన గీతను ఒక చిన్న ప్రయోగశాల తన సొంత దత్తాంశాలతో మాత్రమే దాటడం చాల కష్టం. మానవ జన్యుపటం తయారుచేసిన శాస్త్రజ్ఞులు 1996లో బెర్ముడాలో సమావేశమై, చదివిన జన్యుక్రమాన్ని 24 గంటలలోపల అందరికీ అందుబాటులో ఉంచాలని నిర్ణయించుకొన్నారు. మన దేశంలో కూడ ప్రభుత్వ వ్యయంతో సేకరించిన దత్తాంశాలను ప్రజలకు అందించాలని 2012లో జాతీయ విధానం వెలువడినది.

పంచుకోవడానికి పరిశోధకులు వెనుదీయడానికి కారణాలు లేకపోలేదు. రోగుల రహస్యాలు బయటపడరాదు. రైతుల పేర్లు వారి అనుమతి లేనిదే వెల్లడి కారాదు. మరొక కారణం మానవ సహజమైనది. ఏళ్ళ తరబడి బురదలో నిలబడి లెక్క వ్రాసినవాడు ఒకడు, నీడ పట్టున కూర్చుండి పేరు తెచ్చుకొనేవాడు వేరొకడు అయితే ఎట్లా? ఈ బాధ నిజమైనదే. ఎడ్గర్ ఆండర్సన్ అనే అమెరికా వృక్ష శాస్త్రజ్ఞుని కొలతలను ఫిషర్ 1936లో తన వ్యాసంలో ఉపయోగించుకొన్నారు. మూడు జాతుల ఐరిస్ పువ్వులు, జాతికి 50 చొప్పున 150. అవి ఆండర్సన్‌వని ఫిషర్ స్పష్టంగా చెప్పినా, లోకం వాటిని ఫిషర్ పువ్వులనే పిలవసాగినది. నేడు కంప్యూటర్లకు జాతులను గుర్తించడం నేర్పే విద్యార్థులందరికీ అవే మొదటి పాఠం.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన దేశంలోనే ఉన్నది. కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు సేకరించిన జంతుశాస్త్రజ్ఞుడు ఆనన్‌డేల్, 1920లో వాటిని మహలనోబిస్‌కు అప్పగించారు. మహలనోబిస్ నాడు భౌతిక శాస్త్రోపాధ్యాయుడు మాత్రమే. 1922లో వెలువడిన ఆ విశ్లేషణే సాంఖ్యక శాస్త్రంలో ఆయన మొదటి పెద్ద అడుగు. ఆ అడుగులే 1931లో భారత సాంఖ్యక సంస్థకు, ఆ సంస్థ మన రాధాకృష్ణారావుగారికి దారి తీసినవి. ఒకరు నమ్మి తన పుస్తకం మరొకరి చేతిలో పెట్టినందువల్ల ఒక దేశంలో ఒక శాస్త్రమే వేళ్ళూనినది. సేకరించినవారి పేరు పంచుకొన్న ప్రతి చోటా నిలబెట్టడం తక్కినవారి ధర్మం.

రావుగారికి 2001లో పద్మవిభూషణ్, 2002లో అమెరికా జాతీయ విజ్ఞాన పతకం లభించినవి. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి పొంది, అదే సంవత్సరం ఆగస్టు 22న తమ 102 ఏళ్ళ వయస్సులో అమెరికాలోని బఫెలోలో కన్ను మూశారు. హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఆయన పేర గణిత, సాంఖ్యక, కంప్యూటర్ శాస్త్రాల పరిశోధనా సంస్థ నడుస్తున్నది.

ఆయన స్మృతికి మన బడులు చేయగలిగిన పూజ ఒకటి ఉన్నది. దానికి ఖర్చు లేదు. వంద వడ్లగింజలు తడిగుడ్డలో కట్టి మొలకెత్తించి ఎన్ని మొలిచినవో లెక్కించడం ఏడవ తరగతి పిల్లలకైనా సాధ్యమే. ఒక బడిలో 84 మొలవవచ్చును, పొరుగు బడిలో 77 మొలవవచ్చును. విత్తనం వేరైనందువల్లనా, నీరు వేరైనందువల్లనా, ఊరికేనా? ఆ ప్రశ్న పిల్లల నోట రానివ్వండి. మొలిచినవీ, మొలవనివీ, గుడ్డ ఎండిపోయి చెడిపోయిన ప్రయోగమూ అన్నీ తేదీతో వ్రాయించండి. చెడిపోయినది కొట్టివేయించకండి. ఆ పుస్తకాన్ని పొరుగూరి బడికి పంపి, వారి పుస్తకం తెప్పించి, రెండూ కలిపి మళ్ళీ లెక్క కట్టించండి. ఒక్క బడి లెక్కకు అందని సమాధానం పది బడుల లెక్కలు కలిస్తే అందవచ్చును.

కాలువగట్టు మీద రెండవ రైతు అడిగిన ప్రశ్నకు మొదటివాడు ఇంకా సమాధానం చెప్పలేదు. వచ్చే సార్వాలో కొత్త విత్తనం, పాత విత్తనం పక్కపక్క మళ్ళలో వేసి, ఏ మడికి ఏ విత్తనమో చీట్లు వేసి తేల్చి, పంట కోసిన నాడు రెండు లెక్కలూ బావకు చూపిస్తే చాలును. ఆ ఊరిలో శాస్త్రం ప్రారంభమైనట్లే.